నూట యెనుబదిమూఁడు దినముల మంత్రము

ఏ దేశమునందును సంవత్సరమునకు 183 దినములు నిలువకుండ, మూఁడు నెలలొకచోట, మూఁడు నెలలింకొకచోట ల్యాప్‌టాప్ చంకఁబెట్టుకొని తిరుగువాఁడు ఏ దేశమునకును పన్ను కట్టనక్కఱలేదను మాట యిటీవల మన తెలుగు యువకులలో వేదవాక్యమై చెల్లుచున్నది. ఉద్యోగము మాని, స్వంతముగా ఆప్‌లు చేసియో, విదేశీ కంపెనీలకు డిజిటల్ మార్కెటింగు చేసిపెట్టియో సంపాదించుకొనుచు, బాలియందో చియాంగ్ మాయియందో మకాము పెట్టఁబోవువారు మొదట అడుగు ప్రశ్న వీసాను గూర్చి గాని అద్దెను గూర్చి గాని కాదు, “ఇంక ఇక్కడ రిటర్ను వేయుట మానివేయవచ్చును గదా?” అనునది. వారికీ మాట చెప్పినవాఁడు నిముషము నిడివిగల వీడియోలోని యొక మహానుభావుఁడు. వాని వెనుక సముద్రము, చేతిలో కొబ్బరిబొండము. అది నమ్మి రిటర్నులు మానినవారును, నోటీసు చేతికి వచ్చిన పిమ్మట ఆడిటరు గుమ్మము త్రొక్కినవారును నేనెఱిఁగినవారిలోనే కలరు గనుక, ఈ మంత్రమును కొంచెము విప్పి చూచుట యవసరమని తోఁచినది.

మొదట మన చట్టమేమనుచున్నదో చూతము. 1961 నాఁటి ఆదాయపు పన్ను చట్టమునకు బదులుగా 2025లో చేయఁబడి, 2026 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన క్రొత్త చట్టములోను ఈ విషయమున సారము మారలేదు. ఏప్రిల్ 1 మొదలు మార్చి 31 వఱకు గల సంవత్సరములో 182 దినములు గాని అంతకెక్కువ గాని ఈ దేశములో నున్నవాఁడు నివాసి. 183 అను సంఖ్య ఈ కొలతలలో లేనే లేదు. అది పరదేశముల చట్టములనుండి కొట్టుకొనివచ్చి మనవారి నాలుకలపై నిలిచినది. పోనీ, ఒక దినము తేడాయే గదా యందురేమో. అసలు చిక్కు ఆ తరువాత నున్నది. 182 దినములు లేకున్నను, ఆ సంవత్సరములో 60 దినములుండి, అంతకు ముందటి నాలుగు సంవత్సరములలో మొత్తము 365 దినములున్నవాఁడును నివాసియే. పుట్టినది మొదలు నిన్నటివఱకు ఈ గడ్డపైననే యున్నవాఁడు ఈ రెండవ వలలో పడకుండుట యెట్లు? ఉద్యోగార్థము దేశము విడిచిపోవు పౌరునికి ఆ 60 దినములకు బదులు 182 దినములను చట్టము అనుగ్రహించినది. స్వంత వ్యాపారమునకై పోవుటయు ఉద్యోగమునకై పోవుటయేనని కేరళ హైకోర్టు ఒక వ్యాజ్యములో అంగీకరించిన మాటయు నిజమే. కాని పర్యాటక వీసా చేతఁబట్టుకొని పోయినవాఁడు, తాను విహారమునకు గాక వ్యాపారమునకై పోయితినని పన్ను అధికారి యెదుట నిరూపింపఁబూనుట యెంత సుకరమో చదువరులే ఊహింపఁగలరు.

లెక్క వేసి చూచిన గాని ఈ మాట మనసునకెక్కదు. సక్రమమైన వీసాతోనే, వ్యాపారార్థమే, ఒక యువకుఁడు సెప్టెంబరు 20న శంషాబాదులో విమానమెక్కినాఁడనుకొందము. ఏప్రిల్ నుండి ఆగస్టు వఱకు 153 దినములు, సెప్టెంబరులో 20, వెరసి 173. తాను ఎన్నారై నైతినని వాఁడు నిశ్చింతగా నుండఁగా సంక్రాంతికి రమ్మని తల్లి కబురు చేసినది. జనవరి 10న దిగి, భోగిమంట చూచి, అరిసెలు తిని, మేనమామ కూఁతురి నిశ్చితార్థమునకు నిలిచి, 22న మరల విమానమెక్కినాఁడు. పదుమూఁడు దినములు కూడఁగా 186. ఆ పండుగ పుణ్యమా యని వాఁడు ఆ సంవత్సరమంతటికిని భారత నివాసి; నివాసియగుటచే లోకములో నెచ్చట గడించినదైనను ఇక్కడి రిటర్నులో చూపవలసినవాఁడు. తాను నివాసిని కాననుకొన్నాఁడు గనుక రిటర్ను వేయలేదు. వేసియున్నను, విదేశములోని బ్యాంకు ఖాతాను, కంపెనీని విదేశీ ఆస్తుల షెడ్యూలులో చూపియుండఁడు. 2015 నాఁటి నల్లధన చట్టము ప్రకారము ఇట్లు చూపకపోవుటకే పది లక్షల రూపాయల జరిమానా కలదు. ఖాతాలు మొదలైన చరాస్తులన్నియుఁ గలిపి ఇరువది లక్షలకు మించనివారికి 2024 అక్టోబరు నుండి ఈ జరిమానా మినహాయింపఁబడినది గాని, వ్యాపారము నిజముగా సాగుచున్నవానికి ఆ మొత్తమెంత!

ఇంక అసలు మంత్రమునకే విరుగుడు 2020లో వచ్చినది. విదేశాదాయము గాక తక్కిన ఆదాయము పదునైదు లక్షలు దాఁటిన భారత పౌరుఁడు, నివాసకారణముచేత మఱి యే దేశమునందును పన్నునకు లోఁబడనివాఁడైనచో, ఆ సంవత్సరములో ఒక్క దినమైనను ఈ దేశమున అడుగుపెట్టకున్నను భారత నివాసిగానే భావింపఁబడును. ఎక్కడను నివాసి కానివానిని పట్టుటకే ఈ నిబంధన పుట్టినది. వీడియోలోని మహానుభావుఁడు పొగడుచున్నది సరిగా ఆ జీవనమునే. దీనివలన వాని విదేశాదాయమంతయు పన్నునకు లోనగునని భయపెట్టుట నా యుద్దేశము కాదు. కాని ఈ దేశమునుండి నడుపఁబడు వ్యాపారపు లాభమునకు మాత్రము పన్ను తప్పదు. కంపెనీ యెస్తోనియాలోను, పని చేయు నలుగురు కుఱ్ఱవాండ్రు మాదాపూరులోను, వారికి ఆజ్ఞలిచ్చు భాగస్థుఁడు ఆ గదిలోనే ప్రక్క కుర్చీలోను ఉన్నప్పుడు ఆ వ్యాపారము ఎచ్చటినుండి నడుచుచున్నదని చెప్పుదురు?

అవతలి దేశములు మాత్రము నిద్రించుచున్నవా? థాయిలాండులో గీటు 180 దినములు, అదియును జనవరి మొదలు డిసెంబరు వఱకు లెక్క. 2024 జనవరి 1 నుండి గడించిన విదేశాదాయమును అక్కడి నివాసి ఆ దేశములోనికి తెచ్చుకొన్నచో పన్ను పడును. ఇండొనేసియాలో 183 దినములను సంవత్సరపు హద్దుతో గాక ఏ పండ్రెండు నెలలలోనైనను లెక్కింతురు గనుక, డిసెంబరు దాఁటఁగానే లెక్క మొదటికి వచ్చునను ఆశ అక్కడ పనికిరాదు. స్పెయినులో నడుమనడుమ బయటికి పోయిన దినములను గూడ, వేఱొక దేశములో నివాసినని ధ్రువపఱచుకొననిచో, అక్కడ నున్నట్లే కలిపివేయుదురు. బ్రిటనులో లోఁగడ నివసించి, ఇల్లు, కుటుంబము మొదలగు నాలుగు బంధములు మిగిలియున్నవానికి 16 దినములతోనే నివాసమేర్పడవచ్చును. ఇన్ని కొలతలకు ఒకే సంఖ్యను మంత్రముగా జపించువారిని ఏమనవలయును?

“ఎవరికి తెలియును?” అనునది ఈ మంత్రమునకు ఉపమంత్రము. త్సుగియో మకిమోతో, డేవిడ్ మేనర్స్ అనువారు డిజిటల్ నోమాడ్ జీవనమును గూర్చి 1997లో పుస్తకము వ్రాసిననాఁడు ఈ మాటకు కొంత అర్థముండెడిది. ఇప్పుడు ఖాతా తెఱచునప్పుడే నీవు ఏ దేశపు పన్ను నివాసివని బ్యాంకు వ్రాయించుకొనుచున్నది. ఆ వివరములు ఏఁటేఁట ప్రభుత్వములు ఒకరికొకరు పంపుకొనుచున్నవి. 2017 నుండి భారతదేశమును ఈ యేర్పాటులో నున్నది.

దుబాయి సంగతి వేఱని మీరనఁబోవుచున్నారు. ఒప్పుకొనక తప్పదు, మనసొప్పకున్నను. అక్కడ జీతముపై వ్యక్తిగత ఆదాయపు పన్ను లేని మాట నిజము. 2020లో మొదలిడిన దూరోద్యోగుల వీసా యేఁడాదిపాటు చెల్లును. నిజముగా అక్కడ ఇల్లు తీసికొని, ఎమిరేట్స్ ఐడీ పొంది, సంసారమును తరలించి, సంవత్సరములో ఎక్కువ భాగము అక్కడనే గడపువానికి దక్కు లాభము మాయ కాదు. కాని అది తిరుగుటవలన వచ్చిన లాభము కాదు, ఒకచోట నిలుచుటవలన వచ్చినది. మఱియు 2023 జూన్ నుండి అక్కడను వ్యాపారముపై, 3,75,000 దిర్హములు దాఁటిన లాభమునకు నూటికి తొమ్మిది వంతున పన్ను వచ్చినది. వ్యక్తిగా వ్యాపారము చేయువాని టర్నోవరు పది లక్షల దిర్హములు దాఁటినచో వాఁడును దీనికి లోఁబడును. “అక్కడ పన్నే లేదు” అని యింకను చెప్పువారు పాత పంచాంగము చదువుచున్నవారు.

తక్కిన నమ్మకములను నిలుచుండియే సాగనంపవచ్చును. 2014లో పుట్టిన యెస్తోనియా ఇ-రెసిడెన్సీ కార్డు కంపెనీ నడుపుకొనుటకు డిజిటల్ గుర్తింపే గాని, ఐరోపాలో కాలు పెట్టుటకు వీసా కాదు. జార్జియాలో ఏఁడాదిపాటు వీసా లేకుండ నుండవచ్చునను మాట అమెరికా, ఐరోపా పాస్‌పోర్టులవారిది. మన పాస్‌పోర్టునకు వర్తింపదు. డెలావేర్‌లో ఏకవ్యక్తి ఎల్ఎల్‌సీ పెట్టినవాఁడు పన్ను పడకున్నను అమెరికాకు 5472 ఫారము పంపవలెను; మఱచినచో జరిమానా 25,000 డాలర్లు. పర్యాటక వీసాపై పని చేసినచో పట్టించుకొనరనుట, పట్టుకొన్ననాఁటి వఱకే. బాలికి దూరోద్యోగి వీసా కావలెనన్నచో ఏఁటికి 60,000 డాలర్ల ఆదాయము, థాయిలాండు ఐదేండ్ల డీటీవీ వీసాకు ఐదు లక్షల బాత్‌ల నిలువ చూపవలెను. సముద్రతీరమున పని చేయుదునన్నవాఁడు మధ్యాహ్నపుటెండలో ల్యాప్‌టాప్ తెర నొక్కసారి తెఱచి చూచుకొనవలెను. ఇంక పని గంటలు తగ్గునందురా? న్యూయార్కులో వేసవి ఉదయము తొమ్మిదియైనప్పుడు హైదరాబాదులో సాయంకాలము ఆఱున్నర, బాలిలో రాత్రి తొమ్మిది. క్లయింటుతో మాటలు ముగియునప్పటికి అర్ధరాత్రి.

పోవలదని నేననను, పోవువారు ఈ కొన్ని పనులు చేసికొని పోవలెను. ఆర్థిక సంవత్సరపు ఆరంభములో, ఏప్రిల్ మే నెలలలో, బయలుదేరినవానికి దినముల బాధ తక్కువ. కొన్ని విమానాశ్రయముల ఇ-గేట్లలో ముద్ర పడుట లేదు గనుక బోర్డింగు పాసుల ప్రతులు దాఁచుకొనవలెను. నివాసత్వము మారినప్పుడు సేవింగ్సు ఖాతాను ఎన్నార్వో ఖాతాగా మార్పించుట ఐచ్ఛికము కాదు. రెండు దేశములును నీవు మావాఁడవే యన్నప్పుడు ఆ దేశముల నడుమనున్న పన్ను ఒప్పందపు రక్షణ కోరవలెనన్నచో అవతలి దేశమునుండి పన్ను నివాస ధ్రువపత్రము తెచ్చుకొనవలెను. అది లేనివాని మొఱ వినువాఁడు లేఁడు. కూకటుపల్లిలో అద్దెకిచ్చిన ఫ్లాటు మీఁది ఆదాయము, మీరు ఏ ఖండమున నున్నను, ఇక్కడ పన్నునకు లోనగునదే. ఇవి యన్నియు వీసా ఏజెంటును అడిగి తెలిసికొనఁదగినవి కావు. టికెట్టు కొనుటకు ముందే, విదేశీ పన్ను వ్యవహారములు చూచు చార్టర్డ్ అకౌంటెంటు నొకనిని వెదకి, గడచిన నాలుగేండ్ల పాస్‌పోర్టు పుటలు ఆయన ముందుంచి లెక్క వేయించుకొనుఁడు.