ఒంటి మీది బట్టే గొడుగు

చేపల వేటకు వెళ్లేవారికి చెట్టు నీడ దొరకదు. నాటు పడవకు పైకప్పు ఉండదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వెంట ఉండే నీడ ఒక్కటే, ఒంటి మీది బట్ట. అది ఎలాంటిదై ఉండాలి? ఎండలు మండే ఖమ్మం, భద్రాచలం ప్రాంతంలో ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకోవటం చాలా అవసరం.

భద్రాచలం దగ్గర గోదావరిలోకి తెల్లవారకముందే పడవలు దిగుతాయి. చర్ల దగ్గర తాలిపేరు, ఖమ్మం వైపు పాలేరు, వైరా జలాశయాల మీదా వేట పొద్దున్నే మొదలవుతుంది. అప్పుడు చల్లగా ఉంటుంది కాబట్టి ఒంటి మీద చొక్కా ఉంటుంది. తొమ్మిది దాటేసరికి ఉక్కపోత. పదికల్లా చొక్కా విప్పి పడవలో ఓ మూలకు విసిరేస్తారు. బనియనుతోనో, అదీ లేకుండానో వల లాగుతారు. అంటే ఒంటికి బట్ట బాగా అవసరమైన వేళకే దాన్ని తీసేస్తున్నామన్నమాట. మీది చేపల వేట మీద బతుకు అయినా, ఆదివారం గాలం పట్టుకుని గట్టున కూర్చునే సరదా అయినా ఈ ఒక్క అలవాటు మార్చుకుంటే చాలా ఇబ్బందులు తప్పుతాయి.

వేడి వేరు, కిరణాలు వేరు

ఎండలో మన మీద పడేవి రెండు. ఒకటి వేడి. ఇది చుర్రుమంటుంది, చెమట పట్టిస్తుంది. కాబట్టి వెంటనే తెలుస్తుంది. రెండోది అతినీలలోహిత కిరణాలు. ఇవి కంటికి కనిపించవు, ఒంటికి వేడిగానూ తెలియవు. చర్మాన్నీ కళ్లనూ నెమ్మదిగా దెబ్బతీసేవి ఇవే.

రెండూ ఒకే సమయంలో తీవ్రంగా ఉండవు. మధ్యాహ్నం రెండు, నాలుగు గంటల మధ్య గాలి బాగా వేడెక్కుతుంది. అతినీలలోహిత కిరణాలు మాత్రం సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు, అంటే 12 గంటలు దాటిన కాసేపటికి పతాకస్థాయికి చేరతాయి. ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండు వరకు వీటి జోరు ఎక్కువ. గడియారం లేకపోయినా ఫర్వాలేదు. మీ నీడ మీకన్నా పొట్టిగా కనిపిస్తోందంటే కిరణాలు బలంగా ఉన్నట్టే.

భద్రాచలం సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందుకే ఇక్కడ ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మే 10 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి. మే నెలంటే అందరికీ భయమే. మరి ఆగస్టు? మబ్బు పట్టి, గాలి చల్లగా వీస్తుంటే ఎండ లేదనుకుంటాం. కానీ పలచని మబ్బులను అతినీలలోహిత కిరణాలు చాలావరకు దాటుకుని వచ్చేస్తాయి. కాబట్టి నిండు చొక్కా ఒక్క వేసవికే పరిమితం కాకూడదు.

అతినీలలోహిత కిరణాల తీవ్రతను యూవీ సూచీతో కొలుస్తారు. ఇది 3, అంతకన్నా ఎక్కువుంటే రక్షణ తీసుకోవాలని, 11కు చేరితే అత్యంత తీవ్రమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దగ్గర వేసవి మధ్యాహ్నాల్లో ఇది 11 దాటుతుంటుంది. మొబైల్‌లో వాతావరణం చూసేటప్పుడు ఉష్ణోగ్రతతో పాటు ఈ అంకెనూ ఒకసారి చూడండి.

మనది నల్లటి ఒళ్లే కదా!

చాలామంది అనే మాటే ఇది. ఇందులో కొంత నిజముంది. మన చర్మంలో మెలనిన్ ఎక్కువ కాబట్టి తెల్లవాళ్లతో పోలిస్తే చర్మ క్యాన్సర్ ముప్పు తక్కువే. అలాగని ఎండ మనల్ని వదిలేయదు. చెంపల మీద మంగుమచ్చలు, చిన్న వయసులోనే మెడ మీద మందమైన ముడతలు, కింది పెదవి పొలుసులుగా లేవటం.. ఇవన్నీ ఏళ్ల తరబడి ఎండలో గడిపిన వారిలో కనిపిస్తాయి. పెదవి మీద పుండు రెండు మూడు వారాలైనా మానకపోతే తప్పకుండా డాక్టరుకు చూపించుకోవాలి. బీడీ, పొగాకు అలవాటున్నవారు అసలే ఆలస్యం చేయొద్దు.

ఇక కళ్లకు ఒంటి రంగు చేసే మేలేమీ లేదు. ఎండలో, గాలిలో ఎక్కువగా పనిచేసేవారిలో కొందరికి ముక్కు వైపు తెల్లగుడ్డు మీద కండ పుట్టి, నల్లగుడ్డు మీదికి పొరలా పాకుతుంది. దీన్నే టెరీజియం అంటారు. అది కంటిపాప దాకా పాకితే చూపునకు అడ్డుపడుతుంది. అప్పుడు ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. త్వరగా శుక్లాలు రావటానికీ ఈ కిరణాలు దోహదం చేస్తాయి. వల కన్ను, చేప కదలిక చూసి బతికేవారికి చూపు కన్నా విలువైనదేముంది?

తడిసిన బనియన్ కాపాడదు

బట్ట ఏదైనా ఒకటే అనుకోవద్దు. ఎండ నుంచి బట్ట ఎంత కాపాడుతుందో చెప్పే కొలత యూపీఎఫ్. దీనికోసం ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ 1996లోనే ప్రమాణాలు రూపొందించాయి. యూపీఎఫ్ 50 అంటే బట్ట మీద పడిన అతినీలలోహిత కిరణాల్లో 50వ వంతు మాత్రమే చర్మానికి చేరుతుందని అర్థం. మామూలు తెల్లటి పలచని నూలు టీషర్టుకు ఇది 7 దాకానే ఉంటుంది. అదే తడిస్తే 3కు పడిపోతుంది! అంటే మూడింట ఒక వంతు కిరణాలు లోపలికి వచ్చేస్తున్నట్టే. బట్ట తడిసినప్పుడు పోగుల మధ్య సందుల్లో నీరు నిండి, వెలుతురు సులువుగా లోపలికి దూరుతుంది. తడి బనియన్‌లోంచి ఒళ్లు కనిపించేది ఇందుకే.

నడుము లోతు నీటిలో నిలబడి వల వేసేవారు కాళ్లు నీళ్లలో ఉన్నాయి కదా అని ధీమాగా ఉంటారు. తేట నీటిలో అర మీటరు లోతున కూడా, పైనున్న కిరణాల్లో దాదాపు 40 శాతం ఉంటాయి. వేసవిలో గోదావరి ఇసుక తిన్నెల మీద నడిచేవారికి కింది నుంచీ ఎండ తగులుతుంది. పొడి ఇసుక సుమారు 15 శాతం కిరణాలను వెనక్కి కొడుతుంది మరి.

చొక్కా ఇలా ఎంచుకోండి

ఖరీదైన బ్రాండ్ చొక్కాలే కొనాల్సిన పనిలేదు. సంతలో కొనే చొక్కానైనా నాలుగు సంగతులు చూసి తీసుకుంటే చాలు.

మొదటిది నేత. బట్టను ట్యూబ్‌లైట్ ముందు పట్టుకుని వెనక చెయ్యి పెట్టండి. వేళ్లు స్పష్టంగా కనిపిస్తే అది ఎండకు పనికిరాదు. పలచగా ఉన్నా నేత దగ్గరగా ఉంటే మంచి బట్టే. చాలాసార్లు ఉతికి సాగిపోయినవి, మోచేతుల దగ్గర నీరుగారినవి ఇంట్లో కట్టుకోవటానికే ఉంచండి.

రెండోది పోగు. ఒకే మందం ఉన్న బట్టల్లో నూలు కన్నా పాలిస్టర్ ఈ కిరణాలను బాగా ఆపుతుంది, తడిసినా త్వరగా ఆరుతుంది. కానీ మందపాటి పాలిస్టర్‌లో ఉక్కపోస్తుంది. ఆటగాళ్లు వేసుకునే రకం పలచని పాలిస్టర్, లేదా నూలు కలిసిన పాలిస్టర్ నీళ్లలో పని చేసేవారికి నప్పుతుంది. గట్టున కూర్చునేవారికి దగ్గరి నేత నూలు చొక్కా హాయిగా ఉంటుంది.

మూడోది రంగు. ముదురు రంగులు కిరణాలను ఎక్కువగా ఆపుతాయి. మరి వేడెక్కవా? దీని మీద 1980లో నేచర్ పత్రికలో ఆసక్తికరమైన అధ్యయనం ఒకటి వచ్చింది. ఎడారిలో బెడూయిన్లు నల్లటి అంగీలు ఎందుకు వేసుకుంటారో పరిశోధకులు పరీక్షించి చూశారు. నల్ల అంగీ తెల్లదాని కన్నా ఎక్కువ వేడిని పీల్చుకున్న మాట నిజమే. కానీ అంగీ వదులుగా ఉండటంతో లోపల గాలి ఆడి, ఆ అదనపు వేడి ఒంటిని చేరకముందే బయటికి పోయింది. ఒంటికి చేరిన వేడి రెండింట్లోనూ ఒకటే! అంటే రంగు కన్నా వదులు ముఖ్యమన్నమాట. బిగుతైన నల్ల టీషర్టుకు ఇది వర్తించదు. నీలం, ఆకుపచ్చ, బూడిద రంగుల్లో వదులు చొక్కాలు మనకు సరిపోతాయి.

నాలుగోది కప్పే తీరు. మణికట్టు దాకా చేతులు, మెడ మీదికి నిలబెట్టుకునే కాలరు ఉండాలి. కిందికి పల్చటి ట్రాక్ ప్యాంటు మంచిది. సాయంత్రం దాకా ఉండేవారికి మరో లాభమూ ఉంది. నిండు చేతుల చొక్కా, ప్యాంటు ఏజెన్సీ ప్రాంతంలో మలేరియా దోమల నుంచీ కొంత కాపాడతాయి.

వదులు అంటే వేలాడేది కాదు. పడవ మీద పొడవాటి పంచె, జారే లుంగీ ప్రమాదం. నీటిలో పడితే కాళ్లకు చుట్టుకుంటాయి. రబ్బరు బూట్లలో నీరు నిండితే కాలు కదపటమే కష్టం. లైఫ్ జాకెట్ ఉంటే చొక్కా మీద వేసుకోండి.

కూలి పనులకు వెళ్లే మన ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల నిండు చేతుల చొక్కా తొడుక్కోవటం చూస్తూనే ఉంటాం. ఎవరూ నేర్పకుండానే వచ్చిన మంచి పద్ధతి ఇది. గట్టున చేపలు ఎండబెట్టేవారికీ, ఏప్రిల్, మే నెలల్లో అడవిలో తునికాకు కోసేవారికీ ఇదే మేలు. కాకపోతే ఆ చొక్కా నీరుగారిన పాతది కాకుండా చూసుకోవాలి.

తల, మెడ, కళ్లు

క్రికెట్ టోపీ నుదుటిని మాత్రమే కాపాడుతుంది. చెవులు, మెడ వెనక భాగం ఎండకే వదిలేస్తుంది. చుట్టూ కనీసం 7.5 సెంటీమీటర్ల అంచు ఉన్న టోపీ కావాలి. తాటాకు టోపీ అయితే అల్లిక సందుల్లోంచి వెలుతురు పడకుండా ఉండాలి. గాలికి ఎగరకుండా గడ్డం కింద తాడు కట్టుకోండి. టోపీ లేకపోతే తువ్వాలును తలపాగాగా చుట్టి, ఒక కొసను మెడ మీదికి వదిలినా మంచిదే.

చల్లదనం కోసం చొక్కా తడుపుకోవాలనిపిస్తే ఆ పని తువ్వాలుతో కానివ్వండి. తడి తువ్వాలు మెడ చుట్టూ వేసుకుంటే ఒళ్లు చల్లబడుతుంది, చొక్కా పొడిగా ఉండి ఎండను ఆపుతుంది. సంచిలో మరో పొడి చొక్కా పెట్టుకుంటే ఇంకా మంచిది.

పొద్దున, సాయంత్రం ఎండ ఏటవాలుగా వస్తుంది. అప్పుడు టోపీ అంచు ఒక్కటే కళ్లను కాపాడలేదు. చలువ కళ్లద్దాలు అవసరం. వాటి మీద యూవీ 400 అని ఉందో లేదో చూడండి. నల్లగా ఉన్నంత మాత్రాన మంచివి కావు. ముదురు అద్దం వెనక కంటిపాప పెద్దదవుతుంది. అద్దం కిరణాలను ఆపకపోతే అవి ఇంకా ఎక్కువగా లోపలికి పోతాయి. పోలరైజ్డ్ అద్దాలు నీటి మెరుపును తగ్గిస్తాయి. అంతమాత్రాన కిరణాలనూ ఆపుతాయని కాదు, రెండూ వేర్వేరు.

బట్ట కప్పలేని ముఖం, చెవులు, చేతుల పైభాగం, పాదాలకు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ రాసుకోవాలి. ప్రతి రెండు గంటలకు, నీళ్లలో తడిసిన తర్వాత మళ్లీ రాసుకోవాలి. కొబ్బరి నూనె, పసుపు దీనికి బదులు కావు.

మందులు వాడుతున్నారా?

కొన్ని మందులు చర్మాన్ని ఎండకు తట్టుకోలేకుండా చేస్తాయి. డాక్సీసైక్లిన్, బీపీకి ఇచ్చే హైడ్రోక్లోరోథయజైడ్ ఇలాంటివే. ఇవి వేసుకుంటున్నప్పుడు కాసేపు ఎండలో ఉన్నా ఒళ్లు ఎర్రగా కంది మండితే డాక్టరుకు చెప్పండి. మీ అంతట మీరే మందు మానొద్దు.

బట్ట ఉన్నా నీళ్లు తప్పవు

మంచి చొక్కా వేసుకున్నాం కదా అని వడదెబ్బ తగలదనుకోవద్దు. నీటి దగ్గర గాలిలో తేమ ఎక్కువ. చెమట త్వరగా ఆరదు, ఒళ్లు చల్లబడదు. దాహం వేసే దాకా ఆగకుండా ప్రతి 15, 20 నిమిషాలకు ఒక గ్లాసు నీళ్లు తాగాలి. కిడ్నీ, గుండె జబ్బులున్నవారు ఎంత తాగాలో డాక్టరును అడగాలి. మధ్యలో మజ్జిగ, అంబలి, ఓఆర్ఎస్ మంచివి. కల్లు, సారా మాత్రం వేట ముగిసే దాకా ముట్టొద్దు. అవి ఒంట్లోని నీటిని ఇంకా తగ్గిస్తాయి, ముప్పు వస్తున్నా తెలియనివ్వవు.

తోటివారు తడబడుతూ మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా, పడిపోయినా అది వడదెబ్బ కావొచ్చు. అడవి అంచు ఊళ్ల నుంచి ఆసుపత్రికి చేరటానికి సమయం పడుతుంది. అందుకే 108కి ఫోన్ చేసి ఊరుకోకుండా, వెంటనే నీడకు చేర్చి, చొక్కా విప్పి, ఒంటి నిండా నీళ్లు పోసి, గాలి విసరాలి. స్పృహ సరిగా లేనివారికి నోట్లో నీళ్లు పోయొద్దు. దారి పొడవునా ఒంటిని తడుపుతూనే ఉండాలి.

చొక్కా విప్పాల్సింది అప్పుడే. మిగతా సమయమంతా అది ఒంటి మీదే ఉండాలి. రేపు పడవ ఎక్కే ముందు మీ చొక్కాను ఒకసారి దీపం ముందు పట్టి చూడండి. వలకు చిల్లులున్నాయేమో రోజూ చూసుకుంటాం కదా, బట్టనూ అలాగే చూసుకుందాం.