మీ కొలతలకు తగిన డ్రెస్సు

పరిచయం

2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డర్లతో సిరిసిల్ల మరమగ్గాల పేరు రాష్ట్రమంతటా వినిపించింది. చీరను ఎవరి ఒంటికి తగినట్లు వారు కుచ్చిళ్లతో సర్దుకోవచ్చు. కుట్టిన డ్రెస్సుకు ఆ వీలు లేదు. సిరిసిల్ల సమీపంలోని పెద్దూరు అపారెల్ పార్కు వంటి చోట్ల దుస్తులను సైజుల పట్టిక ప్రకారం పెద్ద సంఖ్యలో కుడతారు. ఆ పట్టికలో ఛాతీ కొలత పెరిగేకొద్దీ భుజం, నడుము, పిరుదుల కొలతలు ఒక నిష్పత్తిలో పెరుగుతాయి. అందరి శరీరాలూ ఆ నిష్పత్తిలో ఉండవు. అందుకే ఛాతీకి సరిపోయిన టాపు పిరుదుల దగ్గర పట్టేస్తుంది. ఇది మీ శరీరంలోని లోపం కాదు. మీ కొలతలతో మీరే టాపు కుట్టుకోవడం ఎలాగో ఈ భాగంలో తెలుసుకుంటారు.

1. శరీర కొలత, లూజు

టేపును ఛాతీ చుట్టూ నేలకు సమాంతరంగా పట్టండి, బిగించవద్దు. వచ్చినది శరీర కొలత. ఊపిరి పీల్చడానికి, చేయి ఎత్తడానికి దానికి కలిపే అంగుళాలను టైలర్లు ‘లూజు’ అంటారు. సాగని గుడ్డతో కుట్టే టాపుకు ఛాతీ దగ్గర 4 అంగుళాల లూజు సౌకర్యంగా ఉంటుంది.

2. కూర్చుని కూడా కొలవండి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఎందరో మహిళలు గంటల తరబడి నేల మీద కూర్చుని బీడీలు చుడతారు. మీరు కూడా చదువుకో, పనికో అలాగే కూర్చోవచ్చు. కూర్చున్నప్పుడు పిరుదుల చుట్టుకొలత పెరుగుతుంది. నిలబడితే 40 అంగుళాలు, కూర్చుంటే 42 అంగుళాలు వచ్చిందనుకోండి. నిలబడిన కొలతకు 2 అంగుళాల లూజు కలిపితే 42 అవుతుంది. అంటే కూర్చోగానే లూజు మొత్తం పోయి, కుట్టు మీద ఒత్తిడి పడుతుంది. కాబట్టి కూర్చున్న కొలతకే 2 కలిపి 44గా తీసుకోండి.

3. గుడ్డ స్వభావం

సిరిసిల్లలో ఎక్కువగా నేసే పాలిస్టర్ ఉతికినా దాదాపు కుదించుకుపోదు. అయితే చెమటను సరిగా పీల్చదు. ఎండాకాలానికి నూలు గుడ్డ నయం. నూలు గుడ్డను నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసిన తర్వాతే కత్తిరించండి. టాపు పొడవు పడుగు దారాల వెంట, అంటే గుడ్డ అంచుకు సమాంతరంగా రావాలి. లేకపోతే డ్రెస్సు ఒక పక్కకు లాగినట్లు వేలాడుతుంది.

4. ఒక ఉదాహరణ

ఛాతీ 36, పిరుదులు (కూర్చుని) 42, టాపు పొడవు 40 అంగుళాలు అనుకుందాం.

ఛాతీ: 36 + 4 = 40. నాలుగో వంతు 10. కుట్టు కోసం 1 కలిపితే 11.
పిరుదులు: 42 + 2 = 44. నాలుగో వంతు 11. కుట్టు కోసం 1 కలిపితే 12.
పొడవు: 40 + భుజం కుట్టుకు, కింది మడతకు 2 = 42.

ముందు, వెనుక భాగాలకు కలిపి 84 అంగుళాల పొడవు కావాలి. 44 అంగుళాల పన్నా గుడ్డలో ఒక్కో భాగానికి 24 అంగుళాల వెడల్పు పోగా, మిగిలిన 20 అంగుళాల్లో పొట్టి చేతులు వస్తాయి. కుదించుకుపోవడాన్ని కూడా లెక్కలోకి తీసుకుని రెండున్నర మీటర్లు కొనండి.

కత్తెర పడిన గుడ్డను మళ్లీ పెంచలేం. అందుకే మొదటిసారి పాత దుప్పటితో ప్రయత్నించండి. కచ్చా కుట్టు వేసి తొడుక్కోండి. చేతులు పైకెత్తండి, బాసింపట్టు వేసుకుని కూర్చోండి. ఎక్కడ పట్టేస్తే అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టి సరిచేయండి.

5. మీ అభిరుచి

మెడ లోతు, చేతుల పొడవు, టాపు ఎక్కడిదాకా రావాలన్నది మీ ఇష్టం. మీకు బాగా నచ్చిన పాత డ్రెస్సును నేల మీద పరచి ఈ మూడూ కొలవండి. అద్దంలో చూసి ఎంచుకోవడం కంటే ఇది తేలిక. నడుము దగ్గర ఒంటికి అమరినట్లు ఉండాలంటే టక్కులు వేయండి. వద్దనుకుంటే పక్క కుట్టును నేరుగా దించండి.

సారాంశం

శరీర కొలతకు లూజును, కుట్టుకు వదిలే గుడ్డను కలిపితే కత్తిరింపు కొలత వస్తుంది. మీరు రోజూ చేసే పనిని బట్టి లూజు నిర్ణయించుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మీ పిరుదుల చుట్టుకొలతను నిలబడి, కూర్చుని కొలిచి తేడా రాయండి.
2. ఛాతీ 34 అంగుళాలైతే 4 అంగుళాల లూజుతో నాలుగో వంతు కత్తిరింపు కొలత ఎంత?

(2వ ప్రశ్నకు జవాబు: 38లో నాలుగో వంతు 9½, కుట్టుకు 1 కలిపితే 10½ అంగుళాలు.)