డివిడెండు అంటే పంచవలసినది

సంఘాల సర్వసభ్య సమావేశాలకు మేము వెళ్ళినప్పుడల్లా సభ్యులు అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "ఈ ఏడు డివిడెండు ఎంత ఇస్తున్నారండీ?" అని. ఎవరో దయతలచి ఇస్తున్నట్లు అడగడం సరికాదు. ఆ మాటకు అర్థం తెలిస్తే అలా అడగరు.

'డివిడెండుం' అన్న లాటిన్ మాటకు 'పంచవలసినది' అని అర్థం. అదే ఇంగ్లీషులో డివిడెండు అయింది. భాగహారంలో భాగించవలసిన సంఖ్యకూ ఇంగ్లీషులో ఇదే పేరు. మన పిల్లలు దానిని విభాజ్యము అని చదువుకుంటారు. ఖర్చులన్నీ పోను మిగిలిన లాభంలో, చట్టప్రకారం రిజర్వు నిధికి చేర్చవలసినది చేర్చిన తరువాతనే పంపకం. మిగులు లేని ఏడు పంచడానికేమీ ఉండదు.

మరి ఏ లెక్కన పంచాలి? కంపెనీలలో వాటాలను బట్టి పంచుతారు. 1844 డిసెంబరు 21న ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణంలో నేతపనివారు, ఇతర వృత్తులవారు కలిసి పెట్టిన సహకార దుకాణం వేరొక దారి చూపింది. వాటా ధనానికి పరిమితమైన వడ్డీ ఇచ్చి, మిగిలిన లాభాన్ని ఎవరెంత సరుకు కొన్నారో ఆ లెక్కన పంచింది. అక్కడ డివిడెండు అన్నది దీనినే.

మన పాల సంఘాలలో వీటికి రెండు పేర్లున్నాయి. వాటా ధనంపై వచ్చేది డివిడెండు. పోసిన పాల విలువపై వచ్చేది బోనసు.

ఒక ఉదాహరణ చూద్దాం. డివిడెండు నూటికి 6 రూపాయలు, బోనసు నూటికి 3 రూపాయలు అనుకుందాం. వెయ్యి రూపాయల వాటాలుండి చుక్క పాలు పోయని సభ్యునికి వచ్చేది 60 రూపాయలే. వంద రూపాయల వాటాతో, ఒక్క గేదెను మేపుకుంటూ ఏడాదిలో 40,000 రూపాయల పాలు పోసిన సభ్యురాలికి డివిడెండు 6, బోనసు 1,200, మొత్తం 1,206 రూపాయలు వస్తాయి. సహకార సంఘానికీ కంపెనీకీ ఉన్న తేడా ఇదే.

అయితే ఈ న్యాయం లెక్కలు సరిగా ఉన్నప్పుడే జరుగుతుంది. పుస్తకంలోకి ఎక్కని పాలకు బోనసు రాదు. కొందరు సభ్యులు, ముఖ్యంగా చదువురాని స్త్రీలు, పాలు పోసి పుస్తకం చూసుకోకుండా వెళ్ళిపోవడం మేము గమనిస్తున్నాము. పూటపూటకూ లీటర్లు, వెన్నశాతం రాయించుకోవాలి. చదవడం రానివారు ఇంట్లో బడికి వెళ్ళే పిల్లలచేత చదివించుకోవాలి. ఇకమీదట సమావేశంలో "ఎంత ఇస్తున్నారు?" అని కాక, "పంచవలసినది ఎంత? ఏ లెక్కన పంచుతున్నారు?" అని అడగండి. ఆ లెక్క అడిగే హక్కు ప్రతి సభ్యునికీ ఉంది.