టైరు తయారీలో వల్కనీకరణం: ముడి రబ్బరు నాణ్యతకు గల ప్రాధాన్యం

రబ్బరు చెట్టు పాలలో సాధారణంగా 30 నుండి 40 శాతం రబ్బరు ఉంటుంది. ఆ పాలను ఆమ్లంతో గడ్డకట్టించి, షీట్లుగా నొక్కి, పొగగదిలో ఆరబెట్టగా లభించే ముడి రబ్బరు వేడికి జిగటగా మారుతుంది, చలికి గట్టిపడుతుంది. దానిని బరువు మోయగల టైరుగా మార్చే ప్రక్రియ వల్కనీకరణం. పరిశ్రమలో దీనినే క్యూరింగ్ అంటారు. క్యూరింగ్ పూర్తయిన టైరును మరల కరిగించి సరిదిద్దడం వీలుకాదు. అందువలన తోటలో జరిగిన పొరపాటు ఈ దశలో శాశ్వతమవుతుంది.

అడ్డబంధాల ఏర్పాటు

రబ్బరు అణువులు ఐసోప్రీన్ ప్రమాణాలతో ఏర్పడిన పొడవైన గొలుసులు. వేడి తగిలినప్పుడు ఇవి ఒకదానిపై ఒకటి జారిపోతాయి. గంధకంతో కలిపి వేడిచేస్తే పొరుగు గొలుసుల మధ్య గంధక పరమాణువులు అడ్డబంధాలుగా నిలుస్తాయి. అప్పుడు రబ్బరు ఎంత సాగినా, వదలగానే పూర్వస్థితికి చేరుకుంటుంది. అమెరికాకు చెందిన ఛార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో ఈ మార్పును గుర్తించి, 1844లో పేటెంటు పొందాడు. 100 భాగాల రబ్బరుకు 8 భాగాల గంధకం మాత్రమే కలిపితే, 140 డిగ్రీల సెల్సియస్ వద్ద చర్య పూర్తి కావడానికి సుమారు 5 గంటలు పడుతుంది. నేడు జింక్ ఆక్సైడ్, స్టియరిక్ ఆమ్లంతోపాటు యాక్సిలరేటర్లనే వేగవర్ధక రసాయనాలను వాడుతున్నందున 1 నుండి 3 భాగాల గంధకంతో నిమిషాలలోనే ముగుస్తున్నది.

అచ్చులో జరిగే మార్పు

పొరలు పేర్చి కట్టిన పచ్చి టైరును వేడి ఉక్కు అచ్చులో ఉంచుతారు. లోపలి బ్యూటైల్ రబ్బరు సంచి ఆవిరి లేదా వేడినీటి పీడనంతో ఉబ్బి, టైరును అచ్చు గోడలకు అదుముతుంది. రబ్బరు మొదట మెత్తబడి అచ్చులోని గాళ్లను నింపాలి. ఆ తరువాతనే బంధాలు ఏర్పడాలి. అవి ముందుగా ఏర్పడితే టైరు ఆకృతి చెడుతుంది. అందుకే ప్రతి మిశ్రమం నుండి చిన్న నమూనాను రియోమీటరులో పరీక్షించి, బంధాలు ఎప్పుడు మొదలై, ఎప్పటికి 90 శాతం పూర్తవుతాయో తెలుసుకుంటారు.

రబ్బరు మంద ఉష్ణవాహకం. కారు టైరుకు 10 నుండి 15 నిమిషాలు చాలవచ్చు. మందమైన ట్రాక్టరు వెనుక టైరుకు గంటకు పైగా పట్టవచ్చు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చర్య వేగం దాదాపు రెట్టింపవుతుంది. కానీ సమయం ఆదా చేయాలని వేడి పెంచితే లోపలి పొరలు పక్వానికి రాకముందే పై పొరలు అతిపక్వమవుతాయి. సహజ రబ్బరులో అటువంటి స్థితిలో అడ్డబంధాలు తెగి, బలం తగ్గుతుంది. తక్కువ పక్వమైన టైరులో పొరలు విడిపోయే ప్రమాదం ఉంది.

తోట నుండి అచ్చు వరకు

సహజ రబ్బరులోని ప్రోటీన్లు, కొవ్వు ఆమ్లాలు క్యూరింగ్ వేగాన్ని ప్రభావితం చేస్తాయి. గడ్డకట్టించడానికి వాడిన ఆమ్లం షీటులో మిగిలితే క్యూరింగ్ మందగిస్తుంది. రాగి, మాంగనీసు లేశమాత్రం చేరినా రబ్బరు త్వరగా క్షీణిస్తుంది. ఇసుక, బెరడు ముక్కలు ఉన్నచోట పగుళ్లు మొదలవుతాయి. ఒక్కొక్క తోట సరుకు ఒక్కొక్క తీరున ఉంటే, కర్మాగారం నిర్ణయించిన ఒకే సమయం అన్నింటికీ సరిపోదు.

కనుక విస్తరణ సిబ్బంది రైతులకు ఈ క్రింది అంశాలను వివరించాలి:

• పాలను 40, 60 మెష్ జల్లెడలతో వడకట్టాలి.
• నీరు కలిపి రబ్బరు శాతాన్ని సుమారు 12.5కు తీసుకురావాలి.
• ఫార్మిక్ ఆమ్లాన్ని పలుచన చేసి, కొలిచి మాత్రమే వాడాలి.
• షీట్లను సుమారు 3 మిల్లీమీటర్ల మందంతో నొక్కి, శుభ్రమైన నీటితో బాగా కడగాలి.
• 40 నుండి 60 డిగ్రీల వేడి గల పొగగదిలో తేమ పూర్తిగా పోయేవరకు ఆరబెట్టాలి.
• రాగి పాత్రలు వాడరాదు. ఆకురాలు తెగులుకు చల్లే రాగి మందులు పాలలో కలవకుండా జాగ్రత్త వహించాలి.

ఈ పనులకు పెద్ద పెట్టుబడి అవసరం లేదు. రైతుకు మేలైన గ్రేడు ధర, వాహనదారునికి భద్రత రెండూ వీటిపైనే ఆధారపడి ఉన్నాయి.