కొమ్ముచెంబుకు మకరం నోరెందుకు?

కొమ్ముచెంబును చేతిలోకి తీసుకుని భాగాల పేర్లు తలుచుకోండి. మెడ, పొట్ట, పెదవి. నీళ్లు జారే గొట్టానికి తెలుగువాళ్లు పెట్టుకున్న పేరేమో కొమ్ము! చెంబును మాటలోనే ఒక ప్రాణిగా మలుచుకున్నాక, ఆ కొమ్ము మొదట్లో మకరం తలనో, కొసన పక్షి ముక్కునో కంచరి అతికించడంలో వింతేముంది?

ఈ అలంకారం మన ఒక్కరిదే కాదు. ఈజిప్టులోని ఫయ్యూమ్ ప్రాంతంలో దొరికిన ఒక కంచు కూజాకు కొమ్ము కొసన మెడ చాచి కూసే కోడిపుంజు ఉంది. 744 నుంచి 750 వరకు ఏలిన ఉమయ్యద్ ఖలీఫా రెండో మర్వాన్‌దని దాన్ని చెబుతారు. మధ్యయుగాల ఐరోపాలో భోజనానికి ముందు చేతులు కడిగే పాత్రలను ఏకంగా సింహం ఆకారంలోనే పోతపోశారు. అన్నిటిలోకి ముచ్చటైనది రష్యాలోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. 1206 నాటి ఆ పాత్ర మన ఊళ్లలో కనిపించేలాంటి మూపురం ఆవు. పొదుగు దగ్గర దూడ పాలు తాగుతోంది, మూపురం మీద సింహం కరిచి పట్టుకుంది. ఆ సింహమే పాత్రకు పిడి. ఆవును, దూడను, సింహాన్ని మూడింటినీ ఒక్కసారే పోతపోశామని దాని మీద చెక్కారు. పనివాడు దాన్ని గర్వంగా చెప్పుకున్నాడంటే, అది ఎంత కష్టమో అతనికి తెలుసు.

దక్కన్‌లో అతిథి చేతులు కడిగించేందుకు ఆఫ్తాబా, చిలమ్చి ఉండేవి. ఒకటి నీళ్లు పోసే కూజా, రెండోది ఆ నీళ్లు పట్టే పళ్లెం. ఇలాంటి కూజాల్లో కొన్నిటికి కొమ్ము మకరం నోట్లోంచి బయటికొస్తుంది. గుడి గోడకు అభిషేకజలం బయటికి వచ్చే చోట రాతి మకరాన్ని చూసిన కళ్లకు ఇది కొత్త కాదు.

అయితే ఆ మకరం అందానికే ఉందనుకుంటే సగమే చూసినట్టు. కొమ్ము కొస చెంబు అంచుకంటే కిందికి ఉంటే, చెంబు నిండకముందే నీళ్లు కారిపోతాయి. ఒకదానితో ఒకటి కలిసిన పాత్రల్లో నీటిమట్టం సమానంగా నిలుస్తుంది గనుక కొమ్ము పైదాకా సాగక తప్పదు. పొడుగు సాగిందంటే గడ్డపారలాగే పనిచేస్తుంది. కొసన తగిలిన చిన్న దెబ్బ మొదట్లో పెద్ద ఒత్తిడవుతుంది. అక్కడ ఉన్నదేమో వెలిగారం చల్లి, టంకం కరిగించి వేసిన సన్నటి అతుకు. దాని చుట్టూ వెడల్పాటి మకరం ముఖం కూర్చుంటే అతికే చోటు పెరుగుతుంది, దెబ్బ బరువు పొట్టమీద పంచుకుపోతుంది, అతుకు గీత కంటికి కనపడదు.

ఇక కొస సంగతి. చెంబును నెమ్మదిగా వంచితే నీళ్లు ధారగా పడవు. కొమ్ము అడుగును అంటిపెట్టుకుని పొట్టమీదికి కారతాయి. దీనికి 1956లో మార్కస్ రైనర్ ‘టీపాట్ ఎఫెక్ట్’ అని పేరు పెట్టాడు. మరుసటి ఏడు జోసెఫ్ కెల్లర్ కారణం చెప్పాడు: పెదవి దగ్గర వంపు తిరిగే నీటిలో ఒత్తిడి తగ్గుతుంది, బయటి గాలి ఆ నీటిని పెదవికేసి అదుముతుంది. పెదవి మొద్దుగా ఉంటే నీరు దాన్ని చుట్టుకుపోతుంది. పదునుగా, కిందికి వంగి ఉంటే తెగి ధార కడుతుంది. పక్షి ముక్కు కొస సరిగ్గా అలాంటిదే. పాతకాలపు పనివాడికి కెల్లర్ లెక్కలు తెలియవు, తడిసిన చెంబు పొట్ట తెలుసు.

ఇలాంటి మకరం ముఖాన్ని పోతపోసి చేయొచ్చు, రేకును ఉబ్బించీ చేయొచ్చు. ముందు పోత సంగతి. యాదాద్రి భువనగిరి జిల్లాలో కొలనుపాక ఉంది. కల్యాణి చాళుక్యుల కాలంలో అది పెద్ద పట్టణం. ఆ వంశపు రాజు మూడో సోమేశ్వరుడి పేరుతో ఉన్న ‘మానసోల్లాసం’లో మైనపు బొమ్మ చేసి, మట్టి పూసి, మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోసే పద్ధతి వివరంగా ఉంది. మైనం బరువుకు వెండి పన్నెండు రెట్లు, బంగారం పదహారు రెట్లు తీసుకోమంటుంది. తేనెమైనం సాంద్రత 0.96, వెండిది 10.5. అంటే అదే ఖాళీ నిండడానికి దాదాపు పదకొండు రెట్ల వెండి చాలు. పైన మిగిలే ఒక వంతు, లోహం పోసే దారిలో గడ్డకట్టే భాగానికి సరిపోతుంది. దాదాపు తొమ్మిది వందల ఏళ్ల కిందటి లెక్క వెండి విషయంలో ఇంత దగ్గరగా రావడం చూస్తే గుండె నిండుతుంది.

ఆదిలాబాద్ వోజుల డోక్రా పనిలో ఈ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. మైనాన్ని దారాల్లా తీసి మట్టి బొమ్మకు చుడతారు. ఆ దారాల గీతలు ఇత్తడి మీద అలాగే దిగుతాయి. కొలనుపాక దాటాక జనగామ జిల్లాలోని పెంబర్తిది వేరే దారి. అక్కడ ఇత్తడి రేకును లక్క మీద పరిచి, వెనక నుంచి సుత్తితో, ఉలితో ఉబ్బెత్తు లేపుతారు.

ఈ తేడా పట్టుకోవాలంటే మకరం ముఖాన్ని చూసే వైపు నుంచి కాదు, వీలైతే లోపలి వైపు నుంచి చూడాలి. పోతపోసినదైతే మందంగా, బరువుగా ఉంటుంది. రేకుదైతే బయట కన్ను ఉబ్బిన చోట లోపల గుంట, బయట గీత ఉన్న చోట లోపల గట్టు, సుత్తి పడిన గుర్తులు ఒక్కొక్కటీ వేలికి తగులుతాయి.