శ్రోతలే నిలబెట్టుకున్న రేడియో

వాణిజ్య ప్రకటనలు లేకుండా రేడియో కేంద్రం నడవగలదా? ఒక ఉదాహరణ చూద్దాం.

అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలోని అప్సాలా కళాశాలలో 1958లో డబ్ల్యూఎఫ్ఎంయూ అనే రేడియో కేంద్రం మొదలైంది. సంగీత ప్రసారాలకు అది పేరు పొందింది. శ్రోతలు విరాళాలిచ్చేవారు. కాని ప్రసార లైసెన్సు కళాశాల పేరనే ఉండేది. తర్వాత కళాశాల ఆర్థికంగా దెబ్బతిన్నది. అప్పుడు కేంద్రం సిబ్బంది, శ్రోతలు ఆరికల్ కమ్యూనికేషన్స్ అనే లాభాపేక్షలేని సంస్థగా ఏర్పడి, 1994లో లైసెన్సును కొన్నారు. 1995లో కళాశాల మూతపడింది, ప్రసారాలు కొనసాగాయి. నేటికీ శ్రోతల విరాళాలే దీనికి ప్రధాన ఆధారం. అందువల్ల ఏ పాట వినిపించాలో కార్యక్రమం నిర్వహించేవారే నిర్ణయిస్తారు.

మీరే ఆలోచించండి: లైసెన్సు కొనకుండా విరాళాలు మాత్రమే ఇస్తూ ఉంటే ఈ కేంద్రం నిలిచేదా? రెండు వాక్యాల్లో రాయండి.