వానరోజు కొరకు దాచిన డబ్బు

పొదుపును గూర్చిన ఆంగ్ల ప్రసంగ మొకదానిని తెలుగు చేయుచు మేము ఒకప్పుడు "వానరోజు కొరకు నాలుగు డబ్బులు వెనుక వేసికొనవలెను" అని వ్రాసితిమి. గ్రామసీమల కార్యక్రమములో అది ప్రసారమయ్యెను. వారము తిరుగకమునుపే ఒక రైతు శ్రోతనుండి కార్డు వచ్చినది. "అయ్యా, వాన పడినరోజు మాకు పండుగ. డబ్బు దాచుకోవలసింది వాన పడని రోజుకు గదా?" అని అందు ప్రశ్న. తప్పు మాదే. ఎవరికొరకై ఆ ప్రసంగము ఉద్దేశింపబడెనో, సరిగా ఆయనకే అది అందకపోయినది.

ఇంగ్లండులో వాన ఏడాది పొడవునను కురియును. వానకై ఎదురుచూచుట అక్కడి వారి కంతగా తెలియదు. ముసురు పట్టిననాడు పని సాగదు, మనసు చిన్నబోవును. కావున పదునారవ శతాబ్దినుండియు వారి భాషలో వానరోజనగా కష్టము వచ్చిన రోజు. ముసురు మన కూలివానికిని కష్టమే. కాని మన భాష రైతు పక్షము వహించి వానను చల్లని తల్లిగనే తలచినది. మేము "కరువునాటికి" అని వ్రాసియుండవలసినది. తరువాత అట్లే దిద్దుకొంటిమి.

కొన్ని పలుకుబడులకు నాణెముల లెక్క తెలియనిదే రుచి తెలియదు. "పెన్నీ దగ్గర తెలివి, పౌండు దగ్గర తెలివితక్కువ" అని ఆంగ్లేయులు పిసినారిని ఎత్తిపొడుతురు. పండ్రెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరువది షిల్లింగులు ఒక పౌండు; అనగా పౌండునకు 240 పెన్నీలు. 1971 ఫిబ్రవరి 15న ఆ లెక్క మారి నూరు పెన్నీలైనది గాని సామెత మారలేదు. పగిలిన పెంకు నొకదానిని మార్చుటకు వెనుదీసి, దూలము కుళ్ళిన పిమ్మట ఇంటికప్పునే విప్పించు గృహస్థుని మనమును ఎరుగుదుము. "గోటితో పోవుదానికి గొడ్డలి" అన్న మన మాట దీనికి దగ్గరిదే. అయితే మనది అశ్రద్ధను తప్పుపట్టును, వారిది లోభమును.

చిత్రమేమనగా, ఆ భాషలోనే దీనికి ఎదురుమాటయు నున్నది. పెన్నీలను మనము కనిపెట్టి యున్నచో పౌండ్లు తమ సంగతి తామే చూచుకొనునట! ఇది ఖజానా కార్యదర్శిగా నుండిన విలియం లౌండ్స్ అనుచుండిన మాటగా చెస్టర్‌ఫీల్డ్ ప్రభువు తన కుమారునికి వ్రాసిన లేఖలలో తెలిపియున్నాడు. రెండు సామెతలలో ఏది నమ్మదగినదని అడిగినచో, పెంకు మార్చుటకు పెన్నీ ఖర్చుచేయుమనియే మా సలహా.

"దాచిన పెన్నీ గడించిన పెన్నీయే" అన్నమాట బెంజమిన్ ఫ్రాంక్లిన్‌దని పలువురు చెప్పుదురు. ఆయన రిచర్డు సాండర్సు అను మారుపేరుతో పంచాంగము వెలువరించిన మాట నిజము. కాని 1737 సంచికలో ఆయన వ్రాసినది, దాచిన పెన్నీ రెండు పెన్నీల నికరమను అర్థము వచ్చు వాక్యము. ఇంచుమించు అదే భావము 1640లో జార్జి హెర్బర్టు సామెతల సంపుటములో అచ్చుపడి యుండెను. పెద్దపేరు గలవానికి అనాథలైన సామెతలన్నియు దత్తుపోవుట అన్నిదేశములలోను కలదు.

మన నాణెములును ఇట్లే మాటలలో బ్రదికియున్నవి. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసలు వచ్చినవి. క్రమముగా అణాలు పోయినవి. అయినను "పదహారణాల తెలుగు" అనుట మానలేదు. గవ్వలతో బేరమాడిన కాలము అంతకంటె ఎంతో వెనుకటిది. చేత చిల్లిగవ్వ లేదని నేటికిని వాపోవుచున్నాము.

ఇక అనువాదమే అక్కరలేని మాట యొకటి కలదు. డబ్బు చెట్లకు కాయదని ఆంగ్లమాత బిడ్డను గద్దించును. బొమ్మ కొనిపెట్టుమని కొంగు పట్టుకొని లాగు పిల్లవానితో తెలుగుతల్లి, "డబ్బులేమైనా చెట్లకు కాస్తున్నాయట్రా?" అనును.